రాత్రి కుక్క

బెంగుళూరు నుంచి కారు వెనక సీట్లో వచ్చి దిగింది.
కాగితంలో దాని పేరు బ్రూనో అని ఉండాది.
మా యింటామె నోటికి అది తిరగలా,
బూరన్న అనింది. అదే ఖాయమైపాయ.

దూడంత ఉండాది.
మొగమంతా మడతలు, మసి పూసిన మాదిరి మూతి,
చొంగ మాత్రం ఆగదు.
బంగారుపాళెం తోట చుట్టూ తొలిసారి తిప్పితే
మేకలోళ్ళు మేకల్ని ఇడిసిపెట్టి చెట్లెక్కినారు.
అది గట్టు మీద కూలబడి
ఒక ఆవులింత తీసి పండుకునింది.

సూదెయ్యను వచ్చిన పశువుల డాక్టరు
దాని చెవి నిమురుకుంటా కత చెప్పినాడు:
సీమలో దొరలకు అడవులుండేవంట.
అడవిలో కుందేలు దొరదే, జింకా దొరదే,
ఆఖరికి పొదలో పిట్ట కూడా.
ఆకలైనోడు రాత్రిపూట వల తీసుకోని వస్తే
పట్టేదానికి కుక్క కావల్సొచ్చిందంట.
ఒక జాతికి బలముంది, పరుగు లేదు.
ఇంకో జాతి ఎద్దుల మీదికే ఎగబడేది,
పట్టిందంటే చీల్చందే ఇడసదు.
రెంటినీ కలిపినారు.
చీకట్లో కలిసిపోయే రంగు ఏరుకున్నారు.
మొరగొద్దన్నారు. కరవొద్దన్నారు.
పడేసి, మీద పండుకోవల్ల, అంతే,
లాంతరు పట్టుకోని మనిషొచ్చే దాకా.

నేను బీడీ ఆర్పి అడిగినా,
"పట్టుబడినోడి కత ఏమాయ సామీ?"
డాక్టరు చేతులు కడుక్కుంటా
"అది పుస్తకంలో రాయలేదు చెంగల్రాయా" అన్నాడు.

నెల తిరిగేలోగా మా ఇద్దరికీ లెక్క కుదిరింది.
సంకటి ముద్దలు దానికి నాలుగు, నాకు రెండు.
కోడిమెడలు వేరే, అవి ఓనరు ఖాతా.
నా జీతం కంటే దాని తిండి ఖర్చే ఎక్కువని
మా యింటామె ఒకసారి అనింది. మళ్ళా అనలా.
ఆమెకు చలిజ్వరమొచ్చిన మూడు దినాలు
అది మంచం కాడ్నించి కదిలితే ఒట్టు.
ఉరుములంటే మాత్రం భయం దానికి.
అంత ఒళ్ళేసుకోని
నా కాళ్ళ సందున దూరను చూస్తాది.

ఆ యేడు తోతాపురి కొమ్మలు విరిగేటట్టు కాసింది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
ట్రాక్టర్లు పగలూ రాత్రీ నిలబడే ఉండాయి.
రేటు అడిగితే లోపలోడు నవ్వినాడంట.
కోత కూలి కూడా రాదని ఓనరు ఫోన్లో అన్నాడు,
కాపలా మాత్రం మానొద్దన్నాడు.

అమాస ముందు రాత్రి
బోరు షెడ్డవతల ఎండాకు చప్పుడు, ఒక్కసారి.
మొరుగు లేదు. అరుపు లేదు.
టార్చి వేస్తే బూరన్న పండుకోనుండాది,
దాని కింద ఒక పిల్లోడు. పన్నెండేండ్లో పదమూడో.
చొక్కా తడిసింది, చొంగతో.
పక్కన యూరియా సంచి, సంచిలో ఏడు కాయలు.

"ఎవుర్రా నువ్వు?"
"ఇటికల బట్టీ గుర్రప్ప కొడుకుని."
"ఎందుకురా?"
"ఊరగాయకి."

వాడి గుండె దడ దాని డొక్కలో కొట్టుకుంటా ఉండాది.
అది మాత్రం నా మొగం చూస్తా ఉండాది.
ఎన్ని తరాలుగా చూస్తా ఉండాదో అట్ల,
లాంతరు తెచ్చినోడు ఏం చెప్తాడా అని.

"లెయ్ బూరన్నా" అన్నా.
లేసింది. ఒళ్ళు దులుపుకునింది,
పిల్లోడి చెవి ఒకసారి నాకింది.
సంచి సగం కూడా లేదు. నింపి ఎత్తించినా.
ఆ సంగతి ఓనరుకు నేను చెప్పలా,
అదెట్లా చెప్పదు.

వారానికి కాయలన్నీ ట్రాక్టరు తీసుకపోయి
హైవే పక్కన దించేసినాడు.
బూరన్న ట్రాక్టరెనకే పరిగెత్తింది.
ఈగలు, కాకులు, లారీల దుమ్ము,
మధ్యన పచ్చంగా కొండ మాదిరి కుప్ప.
దాని ముందర కూలబడింది.
ఎవురూ దొంగిలించరని దానికెవురు చెప్పల్ల?
పిలిస్తే రాలా. తోక కూడా ఆడించలా.

పొద్దుగూకినాక ఉరిమింది.
వణికింది గానీ లేవలా.
తలగుడ్డ తీసి దాని చెవుల మీద కప్పి
నేనూ పక్కన కూలబడినా.